మాత్ర ఆవిడకు, సైడ్ ఎఫెక్ట్స్ మాకు

యాంటీ ఆక్సిడెంట్లు అనేవే లేకపోతే మాలాంటి మర్యాదస్తుల కుటుంబాలు ఈపాటికి వీధిన పడేవి! ఇది నేను ఊరికే అంటున్న మాట కాదు. దిగులు తగ్గడానికి డాక్టరు రాసిచ్చిన మాత్రను వేసుకునేది మా ఆవిడ మహ్‌రొఖ్. దాని సైడ్ ఎఫెక్ట్స్ మాత్రం మా అమ్మకు, మా అక్కకు, మా బావకు, ముఖ్యంగా నాకు వస్తున్నాయి. ఇలాంటి అన్యాయం వైద్యశాస్త్రంలో ఇంకెక్కడైనా ఉందా?

మీరు నవ్వుతారని తెలుసు. నవ్వండి. కానీ ఇరాన్‌లోని ఈ యజ్ద్ నగరంలో మర్యాద గురించి మాట్లాడే హక్కు నాకు కాక ఇంకెవరికుంది? ఇక్కడి ప్రెస్సులో శుభలేఖల మీద, సంతాపం కార్డుల మీద అచ్చయ్యే తియ్యటి వాక్యాలన్నీ నేను రాసినవే. మీ ఇంట్లో ఎవరైనా పోతే మేమెంత కుమిలిపోయామో చెప్పే వాక్యాన్ని, ఆ పోయినాయనకు ఏ జబ్బూ లేని రోజుల్లోనే రాసి సిద్ధంగా పెట్టుకున్న మనిషిని.

మా మర్యాదకు తారోఫ్ అని పేరు. మనసులో ఒకటి ఉంటుంది, నోటితో ఇంకొకటి అంటాం, వినేవాడు మూడోది అర్థం చేసుకోవాలి. వద్దు అంటే పెట్టమని. తీసుకో అంటే తీసుకోవద్దని. కాసేపు కూర్చోండి అంటే ఇక బయల్దేరమని. మా పిల్లలకు నడక కంటే ముందు ఇది పట్టుబడుతుంది.

ఆ మాత్ర రాకముందు మా ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉండేదో చెప్పాలి. పోయిన చలికాలమంతా మహ్‌రొఖ్ గోడవైపు తిరిగి పడుకునే ఉండేది. లేస్తే వంటింట్లోకి వెళ్లి, కుళాయి తిప్పి, నేల మీద కూర్చునేది. నీళ్ల చప్పుడులో ఏడుపు బయటికి వినిపించేది కాదు. ఎంత పద్ధతి గల మనిషో చూడండి! ఎవరైనా వచ్చి "ఎలా ఉన్నావమ్మా" అంటే, ముఖం కడుక్కుని వచ్చి, "మీ నీడ మా మీద తగ్గకూడదు, బాగున్నాను" అనేది. మేము దేవుడికి దణ్ణం పెట్టుకుని, టీ తాగి, మా పనుల మీద వెళ్లేవాళ్లం. ఆ జబ్బు వల్ల మాకు ఒక్కరోజు కూడా ఇబ్బంది కలగలేదు.

నవ్‌రోజ్ పండగకు వచ్చిన చుట్టాల ముందు కథ అడ్డం తిరిగింది. ఆవిడ టీ పోస్తూ పోస్తూ ఎక్కడో ఆగిపోయింది. చెయ్యి మాత్రం పోస్తూనే ఉంది. గ్లాసు నిండింది, సాసరు నిండింది, తివాచీ తడిసింది. ఇక దాచడం కుదరక డాక్టర్ సాలారీ దగ్గరికి తీసుకెళ్లాను.

ఆ డాక్టరమ్మ మాత్ర రాసిచ్చి, సైడ్ ఎఫెక్ట్స్ గురించి చాలాసేపు చెప్పింది. నోరు ఎండిపోతుంది, మొదట్లో వికారంగా ఉంటుంది, నిద్ర అటూ ఇటూ అవుతుంది, సొంతంగా మాత్రం ఆపొద్దు అంది. అసలైన సైడ్ ఎఫెక్ట్ గురించి ఒక్క ముక్క చెప్పలేదు! పెట్టెలో మడిచిపెట్టిన ఆ పొడుగాటి కాగితంలో కూడా అది లేదు. మందుల కంపెనీల మోసానికి అంతు లేదు.

వేసవి మధ్యలో బయటపడింది. మా అక్క ఫరంగీస్ ఇంట్లో ఇత్తడి సమోవార్ ఒకటుంది. టీ నీళ్లు కాచే ఆ పాత్ర ఆవిడ అత్తగారి నాటిది. దాన్ని ఆవిడ పిల్లల కంటే ఎక్కువగా తోముతుంది. ఆ రోజు మహ్‌రొఖ్ చాలా నెలల తరువాత ఒక వస్తువును కళ్లు పెట్టి చూసింది.

"వదినా, సమోవార్ ఎంత బాగుందో."

"నీకంటే ఎక్కువా మహ్‌రొఖ్ జాన్? తీసుకెళ్లు. నీదే అనుకో."

దీనికి ఏమనాలో మా ఊళ్లో ఉయ్యాల్లో బిడ్డకు కూడా తెలుసు. అయ్యో వద్దు, మీ చేతుల్లోనే దానికి అందం, అనాలి. మా ఆవిడ అలా అనలేదు.

"నిజంగానా? చాలా సంతోషం వదినా" అని, నీళ్లు వొంపేసి, శాలువా చుట్టి, ఒళ్లో పెట్టుకుని కారెక్కింది.

మా అక్క వాకిట్లో నవ్వుతూ నిలబడింది. నవ్వకపోతే తారోఫ్ చెడుతుంది. కారు వీధి మలుపు తిరిగేదాకా ఆ నవ్వు అలాగే ఉంది, పాపం.

"అది నీకు ఇవ్వాలని అన్నది కాదు" అన్నాను దారిలో.

"ఇవ్వాలని లేకపోతే ఇవ్వనని చెప్పొచ్చుగా బహ్మన్. నేనేం అనుకోను."

చూశారా, మాత్ర మనిషిని ఎంత దూరం తీసుకుపోయిందో! అక్కడితో ఆగినా బాగుండేది. మా ప్రెస్సు యజమాని భార్యతో సహా భోజనానికి వచ్చాడు. తిన్నాక, "ఇక వెళ్తాం, మీకు చాలా శ్రమ ఇచ్చాం" అన్నాడు. అప్పుడు మేము కూర్చోమనాలి, వాళ్లు లేవాలి, మేము గుమ్మానికి అడ్డుపడాలి, వాళ్లు బూట్లు తొడుక్కుంటూ ఇంకో అరగంట మాట్లాడాలి. మహ్‌రొఖ్ ఏమందో తెలుసా? "అవునండీ, నాకూ అలసటగానే ఉంది. మంచిది, వెళ్లి రండి" అని తలుపు వేసింది. మా యజమాని ఆ తరువాత నాతో చాలా రోజులు అతి మర్యాదగా మాట్లాడాడు. అంటే ఎంత కోపం వచ్చిందో మీకు అర్థమయ్యే ఉంటుంది.

చివరి దెబ్బ మా అమ్మ తూరాన్ ఖానుంకు, అంటే తూరాన్ గారికి, తగిలింది. అలవాటు ప్రకారం వస్తూనే, "ఎలా ఉన్నావమ్మా" అంది. దానికి మహ్‌రొఖ్ జవాబు చెప్పింది! "ఇవాళ బాగాలేదు అత్తయ్యా. నిన్న కాస్త నయం. తెల్లవారుజామున భయం వేసి మెలకువ వచ్చింది" అంది. మా అమ్మ గోడ పట్టుకుని నిలబడిపోయింది. ఆవిడ పుట్టిన దగ్గర్నుంచి లోకమంతటినీ ఆ ప్రశ్న అడుగుతూనే ఉంది గానీ, సమాధానం రావడం అదే మొదటిసారి.

ఇక ఊరుకుంటే లాభం లేదని అందరం అమ్మ ఇంట్లో కూర్చున్నాం, మహ్‌రొఖ్ లేకుండా. మా బావ కియూమర్స్ ఫోన్ బయటికి తీశాడు. ఆయన నీళ్ల ఫిల్టర్లు అమ్ముతాడు కాబట్టి మా ఇంట్లో సైన్సు ఆయన శాఖ.

"దొరికింది" అన్నాడు. "దిగులు మాత్రల సైడ్ ఎఫెక్ట్స్ యాంటీ ఆక్సిడెంట్లతో తగ్గుతాయట. పైపు లోపల తుప్పు పడుతుంది చూడండి, ఒంట్లోనూ అంతే. ఇవి వెళ్లి ఆ తుప్పు గీకేస్తాయి. ప్రయోగాలు కూడా చేశారు."

"ఎవరి మీద?" అంది అమ్మ.

"ఎలుకల మీద."

"ఎలుకలు బాగున్నాయా?"

"బాగున్నాయట అత్తయ్యా."

"ఆ ఎలుకలు ఎవరి సమోవార్ అయినా ఎత్తుకెళ్లాయేమో అది చూడండి ముందు" అంది మా అక్క.

అది రాయలేదు. అయినా మా మర్యాదకు తుప్పు పట్టిందన్న సంగతి అందరికీ అర్థమైంది. యాంటీ ఆక్సిడెంట్లు దేంట్లో ఉంటాయి? దానిమ్మలో! దానిమ్మలు కాసే ఊళ్లో పుట్టి, ఈ సంగతి ఎలుకల వల్ల తెలుసుకోవలసి రావడం మా దౌర్భాగ్యం.

కానీ అమ్మ ఒప్పుకోలేదు. దానిమ్మ చలవ చేస్తుంది, మరి ఆ మాత్ర వేడి చేసేదా, చలవ చేసేదా అని పట్టుకుంది. చలవ మీద చలవ పడితే మనిషి నీరుగారిపోతుందట. బావ ఫోనంతా వెతికాడు. కంపెనీవాళ్లు ఈ ముఖ్యమైన విషయం కూడా దాచిపెట్టారు. చివరికి అమ్మే దారి చూపించింది. అక్రోటు వేడి, దానిమ్మ చలవ, రెండూ కలిపి ఉడికిస్తే ఫెసెంజాన్ కూర. వేడికి చలవ చెల్లు. పైన కాస్త కుంకుమపువ్వు వేస్తే మనిషికి నవ్వు కూడా వస్తుంది. ఇంతకంటే సమగ్రమైన చికిత్స ఏ ఆసుపత్రిలో దొరుకుతుంది?

బావ తోటలోంచి బుట్టలకు బుట్టలు దానిమ్మలు దిగాయి. మీకొక సందేహం రావచ్చు. వాటిని ఒలిచేదెవరు, అక్రోట్లు దంచేదెవరు, పొయ్యి దగ్గర నిలబడి గంటల తరబడి కలిపేదెవరు? ఇంకెవరు, మహ్‌రొఖ్! రోగి పక్కన కూర్చుని ధైర్యం చెప్పడానికి మేమందరం రోజూ వచ్చేవాళ్లం. వచ్చినవాళ్లం తినకుండా వెళ్తే బాగుంటుందా? దానిమ్మ తొక్కల మరకతో ఆవిడ వేళ్లు నల్లబడ్డాయి. మా అందరి ఒళ్లలో మాత్రం తుప్పు పూర్తిగా వదిలింది.

"ఇది బాగుంది. నోరు ఎండిపోతుంటే హాయిగా ఉంది" అంది ఆవిడ ఒకసారి, గింజలు తింటూ. మేము ఎదురుచూస్తున్నది ఆ సైడ్ ఎఫెక్ట్ కోసం కాదు గనక ఎవరమూ పట్టించుకోలేదు.

ఇంతలో మా అక్క కూతురు నెగార్‌కు సంబంధం వచ్చింది. అబ్బాయివాళ్లు పూలు, మిఠాయిలు పట్టుకుని పెళ్లిచూపులకు వస్తామన్నారు. పెళ్లిచూపులంటే తారోఫ్‌కు పట్టాభిషేకం! అక్కడ మా ఆవిడ నోరు తెరిస్తే ఏమవుతుంది? మా అక్క పరుగెత్తుకుంటూ వచ్చింది.

"మహ్‌రొఖ్ జాన్, నీ కాళ్లు పట్టుకుంటాను, పెళ్లిచూపులయ్యేదాకా ఆ మాత్ర ఆపు. దానిమ్మరసం తాగుతున్నావుగా, అదే చూసుకుంటుంది."

"డాక్టరు ఆపొద్దంది వదినా."

"డాక్టరుకేం తెలుసు, ఆవిడింట్లో పెళ్లికెదిగిన పిల్ల ఉందా ఏమన్నానా?"

"పిల్ల బతుకు సంగతమ్మా ఇది" అంది అమ్మ.

మహ్‌రొఖ్ నా వైపు చూసింది. వాక్యాలు రాయడమే వృత్తిగా గలవాణ్ణి, బాగా ఆలోచించి అన్నాను.

"నీ ఇష్టం మహ్‌రొఖ్ జాన్."

మా భాషలో ఈ మాటకు అర్థమేమిటో ఇప్పుడు మీకు చెప్పనక్కర్లేదు. ఆవిడకూ చెప్పనక్కర్లేకపోయింది. మాత్ర ఆపేసింది. సమోవార్ తళతళలాడేలా తోమి, తనే తీసుకెళ్లి మా అక్కకు అప్పగించింది.

పెళ్లిచూపులు ఎంత బ్రహ్మాండంగా జరిగాయనుకున్నారు! మహ్‌రొఖ్ గుమ్మం దగ్గర నిలబడి, మీరు ముందంటే మీరు ముందని అబ్బాయివాళ్లను చెప్పుల దగ్గరే చాలాసేపు ఆపింది. వద్దన్నవాళ్లకు వడ్డించింది. లేస్తామన్నవాళ్లను కూర్చోబెట్టింది. అబ్బాయి తల్లి మర్యాదకు, "ఎలా ఉన్నారు ఖానుం?" అని అడిగింది.

"మీ నీడ మా మీద తగ్గకూడదు. బాగున్నాను."

మా అమ్మ కళ్లొత్తుకుంది. మా బావ నా డొక్కలో పొడిచి, "చూశావా, దానిమ్మ దెబ్బ" అన్నాడు. అబ్బాయివాళ్లు, ఇలాంటి కుటుంబం దొరకడం మా మహాభాగ్యం, పొద్దున్నే ఫోన్ చేస్తాం అని చెప్పి వెళ్లారు. యాంటీ ఆక్సిడెంట్లు గెలిచాయి!

నేను మాత్రం టీ గ్లాసు కింద పెట్టేశాను. ఆ వాక్యం నేను చలికాలమంతా విన్నాను. నాకు భయం వేసింది.

ఇంటికి రాగానే ఆవిడ వంటింట్లోకి వెళ్లింది. కుళాయి చప్పుడు వినిపించింది. తలుపు దగ్గర నిలబడి, "మహ్‌రొఖ్, ఎలా ఉన్నావ్?" అన్నాను.

"బాగున్నాను. మీ నీడ తగ్గకూడదు" అంది లోపలినుంచి.

పెళ్లయిన ఇన్నేళ్లలో నన్ను మీరు అనడం అదే మొదలు. కట్టుకున్న మొగుణ్ణి, వచ్చి వెళ్లే చుట్టాన్ని చేసేసింది. నాకు ఏడుపొచ్చింది. లోపలికి వెళ్లి, కుళాయి కట్టేసి, పక్కన కూర్చున్నాను. నేను రాసిన వాక్యాల్లో ఒక్కటి కూడా అక్కడికి పనికిరాలేదు.

పొద్దున్నే డాక్టర్ సాలారీ దగ్గరికి వెళ్లాం. ఆవిడ మహ్‌రొఖ్‌ను ఒక్క మాట అనలేదు. నన్ను పట్టుకుంది.

"దానిమ్మలు తినండి, వద్దన్నదెవరు? వాటితో సైడ్ ఎఫెక్ట్స్ తగ్గే సంగతి ఎలుకల్లో తేలినంతగా మనుషుల్లో ఇంకా తేలలేదు, అది వేరే మాట. మాత్ర ఆపమని ఏ దానిమ్మ చెప్పిందండీ మీకు?"

దానిమ్మ చెప్పలేదని ఒప్పుకున్నాను. ఆవిడ చెప్పిన పద్ధతిలో మళ్లీ మొదలుపెట్టాం. మహ్‌రొఖ్‌ను ఇంటి దగ్గర దింపి, అటునుంచి అటే మా అక్క ఇంటికి వెళ్లాను. సమోవార్ కుతకుతలాడుతోంది. మా అక్క ఫోన్ పక్కనే కూర్చుని ఉంది.

"సమోవార్ చాలా బాగుందక్కా" అన్నాను.

"నీకంటే ఎక్కువా తమ్ముడూ? తీసుకెళ్లు."

"సంతోషం" అని, నీళ్లు వొంపేసి, నా కోటు చుట్టి ఎత్తుకున్నాను. ఒళ్లంతా కాలింది. అయినా దింపలేదు.

ఇల్లు చేరేసరికి అమ్మ ఫోన్ చేసింది. "ఒరే బహ్మన్, నువ్వు కూడా ఆ మాత్ర వేసుకుంటున్నావా?"

"లేదమ్మా. నాకు మాత్ర లేకుండానే వచ్చింది."

సమోవార్‌ను చూసి మహ్‌రొఖ్ నవ్విందని రాస్తే మీకు బాగుంటుంది గానీ, ఆ రోజు నవ్వలేదు. నవ్వడానికి ఇంకా చాలా వారాలు పట్టింది. అబ్బాయివాళ్ల ఫోన్ కూడా రాలేదు. భాగ్యం అన్నారు కదా, దానికి అర్థం మా అక్కకు తెలియనిదేం కాదు.

కాబట్టి పాఠక మహాశయులారా, యాంటీ ఆక్సిడెంట్లు మహా గొప్పవని మరోసారి మనవి చేస్తున్నాను. మా ఇంట్లో దానిమ్మలు ఇప్పటికీ ఉన్నాయి. ఆవిడ నోరు ఎండినప్పుడు తింటుంది. ఒలిచేది నేను, వేళ్లు చూస్తే మీకే తెలుస్తుంది. మీరూ రండి, టీ తాగి వెళ్దురుగాని. సమోవార్ బాగుందని మాత్రం అనకండి, మా ఆవిడ తీసుకెళ్లమనదు. ఎలా ఉన్నావని అడగాలనుంటే, చెప్పులు విప్పి, లోపలికి వచ్చి, కూర్చుని అడగండి. చెబుతుంది.