దొంగ సంతకాలు వర్ధిల్లాలి!

దొంగ సంతకాలు లేకపోతే నేనేమైపోయేవాణ్ణో తలుచుకుంటేనే గుండె జారిపోతుంది! ప్రముఖుల ఆటోగ్రాఫులు సేకరించేవాళ్లందరూ నకిలీలు పెరిగిపోయాయని గగ్గోలు పెడుతున్నారు. నేను మాత్రం వాటిని చేసేవాళ్లకు శాలువా కప్పాలంటాను. ఎందుకంటారా?

నా అభిమాన హీరో కన్నుమూసి పదకొండేళ్లయింది. అయినా ఆయన కొత్త సంతకాలు వారం వారం అమ్మకానికి వస్తూనే ఉన్నాయి! బతికుండగా ఆయన ఇంత కష్టపడిందే లేదు. ఒక మహాగాయని అయితే, తను పోయిన చాలా ఏళ్లకు గానీ పుట్టని జెల్ పెన్నుతో నా ఆల్బమ్‌లో "ప్రేమతో" అని రాసింది. అంత ప్రేమ అసలు సంతకంలో దొరుకుతుందా?

మొదట్లో నాకీ జ్ఞానం లేదు. ఓ రోజు ఆల్బమ్ చంకన పెట్టుకుని, బ్యాంకులో ముప్ఫై ఏళ్లు చెక్కుల మీద సంతకాలు సరిచూసి రిటైరైన పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన వరండాలో కూర్చుని నూట పన్నెండు పేజీలూ ఓపిగ్గా తిప్పి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇందులో ఒక్కటే అసలుది" అన్నాడు.

"ఏది సార్?" అన్నాను ఆత్రంగా.

"అట్ట వెనక రసీదు అంటించావే, దాని మీద దుకాణంవాడు పెట్టిన సంతకం."

అక్కడికక్కడే శిష్యుణ్ణైపోయాను.

"అసలు సంతకం పరిగెత్తుతుందోయ్" అనేవాడు గురువుగారు. "దొంగది బొమ్మ గీసినట్టు మెల్లగా నడుస్తుంది. మధ్యలో పెన్నెత్తి, సరిగ్గా వస్తోందా లేదా అని చూసుకుని మళ్లీ దించుతాడు. అక్కడ సిరా చిక్కబడుతుంది. అది పట్టుకో!"

పట్టుకున్నాను! భూతద్దం నా ఒంట్లో ఓ అవయవమైపోయింది. డాక్టరు చీటీ, కొరియర్ కాగితం, దేన్నీ వదల్లేదు. మా పెళ్లి సర్టిఫికెట్ మీద మా ఆవిడ రెండుచోట్ల పెన్నెత్తిందని కనిపెట్టి, నిలదీశాను కూడా.

"పారిపోదామా అని ఆలోచించి ఆగా. బుద్ధిలేక మళ్లీ దించా" అంది.

అలా నా కీర్తి వీధి దాటుతున్న రోజుల్లో మా అమ్మాయి స్కూలు హెడ్‌మిస్ట్రెస్ నుంచి ఫోను! "సంతకాల విషయం మాట్లాడాలి, ఒకసారి రండి" అందావిడ. చూశారా, నా పేరు చదువుల గడప దాకా పాకింది! ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, జేబులో భూతద్దం పెట్టుకుని వెళ్లాను.

ఆవిడ బల్ల మీద ఐదు కాగితాలున్నాయి. సంతకం మాత్రమే కనబడేలా మిగతాదంతా మడిచి ఉంది. అన్నీ నా సంతకాలే. గోడ పక్కన మా అమ్మాయి బూట్ల వైపు చూస్తూ నిలబడి ఉంది.

"వీటిలో మీది కానిది చెప్పగలరా?"

చెప్పలేకపోవడమా! వంగి, ఒక కన్ను మూసి, ఒక్కొక్కటీ పరీక్షించాను. "ఈ నాలుగూ నావే మేడం. ఆ ఊపు చూడండి, ఎక్కడా తడబాటు లేదు. ఈ ఐదోది మాత్రం పచ్చి దొంగది! మూడుచోట్ల పెన్నెత్తాడు. పాపం ఎవడో చాలా కష్టపడ్డాడు."

"ఆ ఐదోది పోయిన వారం పేరెంట్స్ మీటింగులో, ఇదే కుర్చీలో కూర్చుని మీరు పెట్టిందండీ."

హీరోగారి సంతకంలోని వంపులు నా సంతకంలోకి తెచ్చుకోవాలని ఈమధ్య కొంచెం ప్రాక్టీసు చేస్తున్న మాట నిజమే. ఆ సంగతి ఆవిడకెలా చెప్పను? అమ్మాయి వైపు తిరిగాను.

"ఆ నాలుగూ నువ్వు పెట్టావా? మార్కులు తగ్గాయా తల్లీ?"

"తగ్గలేదు నాన్నా. మొదటి ప్రోగ్రెస్ కార్డు నీ దగ్గరికే తెచ్చా. నువ్వు ఎవరిదో సంతకం చూసుకుంటున్నావు. వెలుతురుకి అడ్డొస్తున్నానని జరగమన్నావు. జరిగా."



చెప్పానుగా, దొంగ సంతకాలు చేసేవాళ్లు మహోపకారులని! అసలువాడు ఇంట్లోనే ఉండి కూడా దొరకనప్పుడు, పని ఆగకుండా నెట్టుకొస్తున్నది వాళ్లే కదా!

హెడ్‌మిస్ట్రెస్ పెన్ను నా ముందుకు జరిపింది. సంతకం పెట్టేముందు ఒక కార్డు మడత విప్పాను. సంతకానికి పైన కూడా ఏదో రాసి ఉంటుందని అప్పుడే తెలిసింది.

"లెక్కల్లో తొంభై ఆరా!" కార్డు అమ్మాయి వైపు తిప్పాను. "ఎనిమిదో క్లాసులో ఇన్ని మార్కులు మన వంశంలో ఎవరికొచ్చాయే!"

మా అమ్మాయి హెడ్‌మిస్ట్రెస్ వైపు ఒకసారి చూసి, నాకు మాత్రమే వినబడేలా అంది.

"తొమ్మిదో క్లాసు నాన్నా."