కదిలిన నలభై ఒకటో చెట్టు

కొండ మీద పర్యావరణ పార్కు కట్టడానికి అడ్డొచ్చిన చెట్లన్నీ కొట్టేశాక, పర్యాటకుల వల ఉయ్యాలలకు చెట్లు లేవని తేలింది. అందుకని ఆ ఖాళీల్లో మనుషుల్ని వేసుకున్నారు. దాలినాయుడు నలభై ఒకటో చెట్టు. అతని పెళ్లాం పైడమ్మ నలభై రెండు. మధ్యన పదమూడు అడుగుల దూరం, అందులో ఎప్పుడూ ఎవరో ఒకరు పడుకుని ఊగుతుంటారు. ఆలుమగలకు ఒకే ఉయ్యాల దొరకడమంటే మాటలా! చెట్లకు ఇంటికెళ్లే సెలవు ఏడాదికి ఒక్కసారే మరి.

ఉద్యోగం కష్టమేమీ కాదు, కదలకపోతే చాలు. నిబంధనలు కూడా భేషైనవే. చెట్టు బతికున్నదై ఉండాలి. మొదలు గట్టిగా ఉండాలి. నెత్తిన ఎండుకొమ్మలు ఉండకూడదు, కాబట్టి సోమవారం సోమవారం నెరిసిన వెంట్రుకలు కత్తిరించేవారు. సన్నతాడు బెరడును కోసేస్తుందని భుజాల కింద వెడల్పాటి పట్టీయే చుట్టేవారు. బెరడు మీద పార్కు వారికి అంత దయ. ఉయ్యాల బాగా వేలాడేట్టు వదులుగా కట్టాలనీ, అడ్డంగా బిగించి కడితే పడుకున్నవాడి బరువుకు ఎన్నో రెట్ల బలంతో చెట్టును లాగేస్తుందనీ గేటు దగ్గర బోర్డు కూడా పెట్టారు. దాని ముందు నిలబడి ఫొటో దిగనివాడు లేడు, చదివినవాడూ లేడు. ఫొటోలో అందంగా రావాలని అందరూ బిగించమనేవారే.

ఆ వేసవిలో పైడమ్మ ఒరగడం మొదలుపెట్టింది. దాలినాయుడు అది చూశాడు. ఒరిగిన చెట్టును జాబితాలోంచి కొట్టేస్తారు. కొట్టేస్తే ఆమె కొండ కింద, తను కొండ పైన. ఎవరూ చూడనప్పుడు అతను తనవైపు పట్టీని కాస్త కాస్త వదులు చేసి, ఆమె మీద లాగుడు తగ్గిస్తూ వచ్చాడు.

"నడుం ఇరిగిపోతన్నాది మావా," అంది పైడమ్మ ఓ ఉదయం.

"ఓర్సుకోయే. ఇయ్యాల తనికీ," అన్నాడు పెదాలు కదపకుండా.

పార్కు డైరెక్టరు చక్రపాణిగారు వచ్చి, లోపల డొల్ల ఉందేమోనని దాలినాయుడి ఛాతీని వేలి కణుపులతో తట్టి విన్నారు. పైడమ్మను ఒక కన్ను మూసి చూసి, "కాస్త వంగినట్టుందే?" అన్నారు. తర్వాత స్వయంగా పరీక్షించడానికి ఉయ్యాలలో వెల్లకిలా పడుకున్నారు.

"ఏమిటీ జారుడు? చూసేవాళ్లు నవ్వరూ? బిగించండి!"

వాచ్‌మన్ రెండు వైపులా బిగించాడు. పైడమ్మ మోకాళ్లు వంగిపోయాయి. డైరెక్టరుగారు దబ్బున నేలమీద, సరిగ్గా రాయున్న చోటే పడ్డారు.

విచారణ అక్కడే, ఆయన పడుకునే ఉండగా జరిగింది. పట్టీ తప్పు కాదు, సరఫరా చేసింది ఆయన బావమరిది. ముడి వీడలేదు. బిగింపు ఆయన ఆదేశం, ఆదేశాలు ఎక్కడైనా విఫలమవుతాయా? ఇక మిగిలింది చెట్టు. ఏ చెట్టు?

పైడమ్మ నోరు తెరిచింది.

"నానే కదిలేను బాబూ," అన్నాడు దాలినాయుడు, ఆమెకంటే ముందే.

"ఎందుకు కదిలావు?"

"ముక్కుమీద ఈగ వాలిందండి."

"చెట్టుకు ముక్కేమిటయ్యా!" అంటూ చక్రపాణిగారు అక్కడికక్కడే ఉత్తర్వు రాయించారు. నలభై ఒకటో చెట్టును మోకాలి ఎత్తుకు కొట్టేయాలి. మొద్దును వృథా చేయకుండా, నలభై రెండో చెట్టు నీడన బల్లగా వాడుకోవాలి.

మర్నాటి నుంచి దాలినాయుడు చేతులూ మోకాళ్లూ నేలకానించి, బల్లగా చేరాడు. పైడమ్మ పక్కనే. పదమూడు అడుగులు పోయి మూడడుగులే అయ్యాయి. పోయిన జన్మలో ఏ పుణ్యం చేశానో అనుకున్నాడు, నిజంగానే.

మధ్యాహ్నానికి ఓ కుటుంబం అతని మీద కూర్చుని మొక్కజొన్న పొత్తులు తింటోంది.

"బరువుగున్నాదేటి మావా?" అని పైడమ్మ గుసగుసగా అడిగింది. ఆమె కళ్లు నిండాయి.

"ఊరుకోయే, ఎవుళైనా ఇంటారు. ఇంత దగ్గిరున్నామని తెలిత్తే మనల్ని మారిసేత్తారు."

ఆమె గబుక్కున నోరు మూసుకుని, నడుం సవరించుకుని నిటారుగా నిలబడింది. ఒక్క ఖాళీకి వచ్చిన మూడు వందల మందిలోంచి ఎంపికైన కొత్త నలభై ఒకటో చెట్టు అప్పటికే ఎదురుగా ఉన్నాడు. ఎం.టెక్. చదివాడట. ముక్కుమీద రెండు ఈగలు వాలినా కదలడం లేదు.