నీళ్లు పైకెక్కిన గ్రాఫు

గ్రాఫులు గీసే ప్రోగ్రామును సోర్స్ కోడ్‌తో, అంటే ఎవరైనా దిద్దుకోగల లోపలి రాతతో సహా, ఉచితంగా పంచడం కంటే గొప్ప పుణ్యకార్యం లేదు! నమ్మరా? అయితే ఎనభై ఎనిమిదిలో, వరంగల్‌లో, అనసూయకు పట్టిన అదృష్టం వినండి.

వర్ధన్నపేట చుట్టుపక్కల బావుల్లో నీటిమట్టం మీద ఆమె పరిశోధన. ఏడాదిపాటు తాడు వేసి కొలిచింది. సోమవారం సెమినార్. గ్రాఫు లేకపోతే వచ్చే ఏడాదే మళ్లీ వంతు. అదీ కంప్యూటర్ గీసిన గ్రాఫే కావాలని గైడు కిషన్ రావు సార్ ఆజ్ఞ. చేత్తో గీస్తే సైన్సు కాదట!

ఎంచుకోవడం ఎంత హాయి! డిపార్ట్‌మెంటులో ఉన్నది ఒకే ప్రోగ్రాము. కాని అయిదు ఫ్లాపీల్లో అయిదు రకాలు. సోర్స్ చేతిలో ఉంది కదా, ఎవరికి తోచినట్టు వాళ్లు మార్చుకున్నారు. ఒకదాంట్లో జూన్ తర్వాత నెలలే లేవు. ఎవరు ఏం మార్చారో రాసిన కాగితం ముక్క లేదు. స్వేచ్ఛకు కాగితాలెందుకు?

సీనియర్ భాస్కర్ ఫ్లాపీయే మేలని తేలింది. ఎందుకంటే అది తెరుచుకుంది. చెప్పులు బయట విడిచి, ఏసీ గదిలో నాలుగు రోజులు వణికి, అనసూయ ప్రింటు తీసింది. శనివారం ఇంటికి పోయి తండ్రి గట్టయ్యకు చూపింది.

"ఏంది బిడ్డా, ఎండకాలంల నీళ్లు మీదికెక్కుతానయి? గీ బాయి ఏ ఊర్లున్నదో చెప్పు, మనం గూడ ఆడికే పోదాం!"

అనసూయ గతుక్కుమంది. తను కొలిచింది నేల నుంచి నీళ్ల దాకా ఉన్న లోతు. నీళ్లు దిగినకొద్దీ అంకె పెరిగింది, అంకెతోపాటు గీత పైకెక్కింది. గ్రాఫును తిరగెయ్యాలి. ఆదివారం పరుగున వచ్చి భాస్కర్‌ను అడిగింది.

"సోర్స్ ఉన్నది గద, మార్చుకో. ఫికరెందుకు?"

"ఏడ మార్చాలె అన్నా?"

"గది నాకెట్ల తెలుస్తది? నేనైతే పైన నా పేరు పెట్టుకున్న, గంతే."

అనసూయ ప్రింటును తలకిందులు చేసి, వెనకవైపు తనకు కనిపించేలా కిటికీ అద్దానికి అంటించింది. మీద ట్రేసింగ్ పేపర్ పరిచి, వెలుతురుకు ఇవతలికి కనిపించిన గీతను దిద్దింది. అంకెలు తానే రాసింది. భాస్కర్ పేరును వదిలేసింది. నీళ్లు బుద్ధిగా కిందికి దిగాయి.

సోమవారం సార్ ఆ గ్రాఫును అందరికీ ఎత్తి చూపారు. "చూసిండ్రా? చేతితోటి గింత నీట్‌గ వస్తదా? కంప్యూటరంటె గిది! అనసూయా, ఈ వెర్షన్ అందరికి కాపీ చేసియ్యి."

"అది ఫ్లాపీల పట్టది సార్."

"గంత పెద్ద ప్రోగ్రామా!" సార్ మురిసిపోయారు.

ఆ సాయంత్రం అనసూయ ఫ్లాపీ కవరులో ఒక చీటీ పెట్టింది: 'పడమటి కిటికీ. నాలుగు దాటాక వెలుతురు బాగుంటుంది.' ఆ ప్రోగ్రాముకు నేటివరకూ ఉన్న మాన్యువల్ అదొక్కటే!