మడమ నొప్పికి ఫుట్‌బాల్ బూట్లు

ఆఫీసు నుంచి వస్తూనే వీరరాఘవులు భార్య పాదాల వంక ప్రేమగా చూశాడు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆయన అటు చూడటం అదే మొదలు. ఏదో కొంప మునగబోతోందని ఉమారాణికి అప్పుడే తెలియాల్సింది.

"ఉమా, నీ మడమ నొప్పి ఎలా ఉంది?"

ఉమారాణి చేతిలో గరిటె ఆగిపోయింది. "ఏవండీ, మీకు ఒంట్లో బాగానే ఉందా?"

"నాకేం, రాయిలా ఉన్నా. నీ గురించే అడుగుతున్నా."

"ఆ నొప్పి వచ్చి మూడేళ్ళయింది. ఇవాళ గుర్తొచ్చిందా?"

గుర్తు రావడానికి కారణం మడమ కాదు, ఫుట్‌బాల్. వీరరాఘవులు ఢిల్లీలో సెంట్రల్ గవర్నమెంటు సెక్షన్ ఆఫీసరు. నలభై తొమ్మిదేళ్ళు, దానికి తగ్గ పొట్ట. ఆఫీసు జట్టులో లెఫ్ట్ బ్యాక్ ఆడతాడు. ఆట వచ్చని కాదు, పదకొండో మనిషి దొరక్క ఆయన్ని తీసుకున్నారు.

కిందటేడు డిసెంబరు టోర్నమెంటులో కొత్త బూట్లు డబ్బాలోంచి తీసి నేరుగా తొడుక్కుని గ్రౌండులోకి దిగాడు. తొమ్మిదో నిమిషంలో "అమ్మో" అని కూలబడ్డాడు. కాలు విరిగిందనుకుని స్ట్రెచరు తెచ్చారు. నలుగురు మోశారు. మేజోళ్ళు విప్పి చూస్తే శనగగింజంత బొబ్బలు రెండు. ఆ రోజు నుంచి ఆఫీసులో ఆయన వీరరాఘవులు కాదు, బొబ్బల రాఘవులు.

ఈసారి జట్టు కెప్టెను, ఆయన పై అధికారి కూడా అయిన అనంతరామయ్యగారు ముందే చెప్పేశారు. "రాఘవులూ, మళ్ళీ ఆట మధ్యలో పడుకున్నావంటే జీవితాంతం స్కోరు బోర్డు దగ్గర అంకెలు మారుస్తూ కూచుంటావు."

ఆ భయంతో ఈ ఏడు పది రోజుల ముందే కొత్త బూట్లు కొన్నాడు. కొన్నాడు సరే, మెత్తబరిచేదెవరు? ఫోన్లో ఒక వీడియో చూస్తే అందులో ఒకాయన రహస్యం విప్పాడు. కొందరు పెద్ద ఆటగాళ్ళు కొత్త బూట్లు తాము తొడుక్కోరట. ముందు ఇంకొకరి చేత తొడిగించి, వాళ్ళ కాళ్ళకి బొబ్బలెక్కించి, మెత్తబడ్డాక తాము తీసుకుంటారట. వీరరాఘవులు కళ్ళు మెరిశాయి. ఆయనదీ ఏడో నంబరే, ఉమారాణిదీ ఏడో నంబరే.

"నీకోసం స్పెషల్‌గా తెచ్చానోయ్," అంటూ డబ్బా తెరిచాడు. "ఆక్యుప్రెషర్ బూట్లు. పెద్ద డాక్టరు చెప్పాడు. రోజూ పొద్దున్నే పార్కులో గడ్డి మీద గంట నడిస్తే మడమ నొప్పి పది రోజుల్లో మాయం."

ఉమారాణి ఒక బూటు తిరగేసి చూసింది. అడుగున బొటనవేలంత బుడిపెలు. "ఆక్యుప్రెషర్ చెప్పులకి బుడిపెలు లోపల, కాలికి తగిలేలా ఉంటాయి కదండీ. ఇవి నేలకేసి ఉన్నాయేవిటి?"

వీరరాఘవులు ఒక్క క్షణం తడబడ్డాడు. ఒక్క క్షణమే. "అది పాతకాలం పద్ధతి. ఇప్పుడు ప్రెషర్ డైరెక్టుగా భూమిలోంచి లాగుతారు. బోరు పంపు లేదూ, అలాగ."

"అచ్ఛా," అంది ఉమారాణి. ఆమె మొహం వెలిగింది. ఆ పూట ఆయనకి అడక్కుండానే రెండోసారి కాఫీ వచ్చింది.

మర్నాడు తెల్లారి పొగమంచులో, చుడీదారు కింద పచ్చరంగు ఫుట్‌బాల్ బూట్లతో ఉమారాణి క్వార్టర్స్ పార్కులోకి దిగింది. వీరరాఘవులు బాల్కనీలోంచి లెక్క చూసుకుంటూ మురిసిపోయాడు. పది రోజులు, రోజుకి ఆరు వేల అడుగులు. వెన్నలా అయిపోతాయి.

మూడో రోజు సాయంత్రం ఉమారాణి సోఫాలో కాళ్ళు చాపుకుని కూచుంది.

"ఇంకో సంగతి తెలిసిందండీ. ఈ బూట్లు వేసుకున్న రోజుల్లో వంటింట్లో నిలబడకూడదట. నిలబడితే లాగిన ప్రెషరంతా మళ్ళీ భూమిలోకి దిగిపోతుందట."

"ఎవరు చెప్పారు?"

"మీరే కదా, బోరు పంపు అన్నారు. మోటారు ఆపితే నీళ్ళు వెనక్కి పోవూ?"

తన సిద్ధాంతాన్ని తానే ఎలా కాదంటాడు? వీరరాఘవులు వంటింట్లోకి వెళ్ళి చారు పెట్టాడు. ఆరోజు నుంచి పప్పు, కూర, అంట్లు, చపాతీలు, అన్నీ ఆయనే. ఆయన చపాతీ ఒకటి శ్రీలంకలా ఉండేది, ఒకటి రాజస్థాన్‌లా ఉండేది.

ఐదో రోజుకి పక్క ఫ్లాటు చడ్డా ఆంటీ పట్టుకుని ఆ బూట్లు ఎక్కడివని ఆరా తీసింది. "ఉమాజీ, యే జూతే కహాఁ సే?" ఏడో రోజుకి భజన మండలి ఆంటీలు పదకొండు మంది బూట్లు కొనుక్కుని పార్కులోకి దిగారు. లెక్కకి సరిగ్గా ఒక జట్టు. లాన్ నిండా కన్నాలు పడ్డాయి. తోటపని చేసే మాలీ గొడవ చేస్తాడేమోనని వీరరాఘవులు హడలిపోయాడు గానీ, వాడు చేతులు జోడించి "దీదీ, నీళ్ళు భలే ఇంకుతున్నాయి, ఆ మూలకి కూడా నడవండి" అని హిందీలో బతిమాలాడు.

ఎనిమిదో రోజు అనంతరామయ్యగారు ఛాంబరులోకి పిలిచారు.

"రాఘవులూ, మడమలకి బూట్లు రాసే ఆ డాక్టరెవరయ్యా? మా ఆవిడ పార్వతమ్మ ఎక్కడో విని ప్రాణం తీస్తోంది. అపాయింట్‌మెంటు కావాలి."

"సార్... ఆయన... సెమినార్‌కి వెళ్ళారు సార్."

"ఎక్కడికి?"

"చాలా దూరం సార్."

వీరరాఘవులు చెమట తుడుచుకుంటూ బయటపడ్డాడు. ఇంకా రెండు రోజులు. బూట్లు చేతికొస్తే చాలు, తర్వాత ఏమైనా చెప్పుకోవచ్చు.

శనివారం సాయంత్రం వచ్చింది. ఆదివారం పొద్దున్నే మ్యాచి. కూతురు తేజశ్రీ గ్రేటర్ నోయిడా హాస్టలు నుంచి బస్సులో వచ్చి సోఫాలో కూచుంది. ఆ పిల్ల అక్కడ ఫిజియోథెరపీ చదువుతోంది.

వీరరాఘవులు గొంతు సవరించుకున్నాడు. "ఉమా, కోర్సు అయిపోయింది కదా. బూట్లు ఇటిచ్చెయ్, తిరిగి ఇచ్చెయ్యాలి."

"ఇవ్వను. నాకు బాగా కుదిరాయి."

"డాక్టరు అడుగుతున్నాడే!"

"సెమినార్‌ నుంచి వచ్చేశాడా? పార్వతమ్మగారు ఇందాకే ఫోన్ చేశారు."

వీరరాఘవులు కుర్చీలో కూలబడ్డాడు. ఇక దాచి లాభం లేదు. వీడియో, మ్యాచి, స్కోరు బోర్డు, బొబ్బలు, అన్నీ గడగడా కక్కేశాడు. చివర్న చేతులు జోడించాడు. "నా పరువు నీ కాళ్ళలో ఉందే."

"నాకు రెండో రోజే తెలుసు లెండి. బూట్ల ఫోటో తీసి మన తేజశ్రీకి పంపిస్తే చెప్పేసింది."

"పాపా, యూ ఆర్ టూ మచ్," అంది తేజశ్రీ. "మమ్మీతో అంత అబద్ధమా? పైగా ఇవి బురద గ్రౌండుకి వాడే బూట్లు. అడుగున ఈ స్టడ్స్ చూడు, కిత్‌నే లంబే, ఎంత పొడుగో! డిసెంబర్‌లో ఇక్కడ గ్రౌండ్ పత్థర్, రాయిలా గట్టి. మమ్మీ లాగా లాన్ మీద నడిస్తే ఠీక్ హై. నువ్వు పరిగెత్తి టర్న్ కొట్టావనుకో, స్టడ్స్ నేలని పట్టేసి పాదం ఆగిపోతుంది, బాడీ తిరిగిపోతుంది. నీ మోకాలు..." అంటూ ఆయన మోకాలు పట్టుకుని కొంచెం మెలితిప్పింది.

"అమ్మా!"

"బస్, ఇంత తిప్పితేనే ఇలా. అక్కడ ఖతం."

వీరరాఘవులు మోకాలు రెండు చేతులతో కావిలించుకున్నాడు. "మరి రెండో రోజే తెలిస్తే ఇన్నాళ్ళూ ఎందుకు తిరిగావే?"

ఉమారాణి ఆ పచ్చ బూట్ల వంక చూసింది. "మీరు బజారు నుంచి నాకోసం, నా నొప్పి కోసం ఒకటి తేవడం అదే మొదటిసారండీ. ఆ రోజు నేనెంత మురిసిపోయానో మీకేం తెలుసు? తెల్లారేసరికి అది ఫుట్‌బాల్ కోసమని తేలింది. ఏడుపొచ్చింది. మురిసినందుకు ఎంతో కొంత వసూలు చేసుకోవద్దూ? చేసుకున్నా. వారం రోజులు వంటింట్లో నిలబడలేదు, మడమ నొప్పి నిజంగానే సగం పోయింది."

వీరరాఘవులు సిగ్గుతో చచ్చిపోయాడు. లేచి వెళ్ళి చపాతీ పిండి కలిపాడు.

ఆదివారం పొద్దున మంచం కిందనుంచి నాలుగేళ్ళ నాటి పాత బూట్లు తీసుకున్నాడు. ముందు భాగం నోరు తెరిచి నవ్వుతోంది. ఉమారాణి దాన్ని దబ్బనంతో కుట్టింది. అవతలి జట్టులో ఒకాయన తళతళలాడే పొడుగు స్టడ్సుతో వచ్చి, ఇరవయ్యో నిమిషంలో గిరుక్కున తిరగబోయాడు. మనిషి తిరిగాడు, పాదం తిరగలేదు. మోకాలు పట్టుకుని పడిపోయాడు, పాపం. వీరరాఘవులు స్ట్రెచరు ఒక కొస తానే పట్టుకుని మోస్తూ, గట్టున నిలబడ్డ భార్య వంక చూశాడు. ఆమె తల పంకించింది.

మ్యాచి మూడు గోల్స్ తేడాతో పోయింది. అందులో రెండు ఆయన కాళ్ళ మధ్యనుంచే వెళ్ళాయి. అయినా విజిల్ ఊదేదాకా ఆడి, తన కాళ్ళ మీద తాను నడిచొచ్చాడు. అనంతరామయ్యగారు భుజం తట్టి, "వచ్చే ఏడు కూడా నువ్వేనోయ్ లెఫ్ట్ బ్యాక్," అన్నారు. ఇంకెవరూ దొరకలేదని ఆయన బాధ.

ఆ సంతోషంలో వీరరాఘవులు నోరు జారాడు. "ఉమా, పద, ఈసారి నిజంగా నీకోసమే కొంటా. నీకు నచ్చింది తీసుకో."

ఉమారాణి చెప్పుల కొట్లో రెండు గంటలు కూచుని, ఇరవై జతలు తీయించి, వచ్చే నెల పిన్ని కూతురి పెళ్ళికని బంగారు రంగు చెప్పులు తీసుకుంది. మూడంగుళాల మడమ, రాళ్ళు పొదిగిన పట్టీలు. ఇంటికొచ్చి డబ్బా తెరిచి, తను తొడుక్కోకుండా ఆయన ముందు పెట్టింది.

"ఇవి నాకెందుకే?"

"కొత్తవి కరుస్తాయండీ. సైజు ఒకటే కదా. ఓ పది రోజులు ఇంట్లో తొడుక్కుని తిరగండి, మెత్తబడ్డాక నేను తీసుకుంటా."

తేజశ్రీ వీడియో తీయడానికి ఫోను పైకెత్తింది. వీరరాఘవులు భార్య మొహం చూసి చెప్పులు తొడుక్కున్నాడు. లుంగీ కాస్త పైకి కట్టి, గోడ పట్టుకుని, టక్కుటక్కుమంటూ హాలు ఆ చివర దాకా వెళ్ళాడు. వెనక్కి తిరిగేటప్పుడు మోకాలు జాగ్రత్తగా చూసుకున్నాడు.

"ఉమా, చిటికెనవేలి దగ్గర కరుస్తోందే."

"అందుకే కదండీ మిమ్మల్ని తొడుక్కోమన్నది," అంది ఉమారాణి పేపరు తిరగేస్తూ. "ఇంకో రెండు రౌండ్లు తిరిగి పప్పు స్టవ్ మీద పెట్టండి."