మంత్రిగారి లివరూ, పార్టీవారి ప్రాణాలూ

"మంత్రిగారి లివర్ ఆయన సొంతం కాదు, ప్రజల ఆస్తి" అని అధికార పార్టీ ప్రతినిధి విలేకరుల సమావేశంలో ప్రకటించాడు. ప్రజల ఆస్తులన్నిటికీ పట్టిన గతే దానికీ పట్టిందని, పక్కగదిలో మందులు సర్దుతున్న మంత్రిగారి భార్య అనుకుంది. పైకి అనలేదు. ఆవిడ రాజకీయాల్లో లేదు.

ఆయన లివర్ గట్టిపడిపోయి చాలాకాలమైంది. ఉప్పు మాన్పించడం, వేళకి సిరప్ తాగించడం, కాళ్ళ వాపు నొక్కి చూడటం అన్నీ ఆవిడ పనులే. ఆయనది నీటిపారుదల శాఖ. పొట్టలో నీరు చేరినప్పుడల్లా ఆస్పత్రిలో గొట్టం పెట్టి తీయించాలి. ఆ శాఖ ఆయన చేతికి వచ్చాక నీరు అనుకున్న వేళకి, అనుకున్న పరిమాణంలో, లీకేజీ లేకుండా పారింది ఆ ఒక్క గొట్టంలోనే.

ఈసారి డాక్టరుగారు ఆవిడని కూర్చోబెట్టి మాట్లాడారు.

"లివర్ పనిచెయ్యకపోతే విషం మెదడుకెక్కుతుందమ్మా. మాట మార్చడం, చెప్పింది మర్చిపోవడం, పగలు కునుకు తియ్యడం, ఇలాంటివేమైనా గమనించారా?"

"గమనించానండీ."

"ఎప్పట్నుంచి?"

"మంత్రి అయినప్పట్నుంచి."

డాక్టరుగారు పెన్ను మూసేశారు. "మందులతో ఇంక లాగలేమమ్మా. బతికున్న మనిషి ఎవరైనా తన లివర్‌లో కొంత ఇవ్వాలి. అదీ తొందరగా. ఆలస్యమైతే మనిషి మనకి దక్కడు" అన్నారు.

ఆవిడ రక్తం గ్రూపు కలవలేదు. కూతురు పచ్చి బాలింత. ఆవిడకి కాళ్ళూ చేతులూ ఆడలేదు.

పార్టీకి మాత్రం బ్రహ్మాండంగా ఆడాయి. ఆ సాయంత్రమే అత్యవసర సమావేశం పెట్టి, ఆవిడనీ డాక్టరుగారినీ కూడా పిలిపించారు. "మా నాయకుడికి ప్రాణమైనా ఇస్తాం" అని ఇన్నేళ్ళుగా గొంతులు చించుకున్న వాళ్ళతో హాలు కిక్కిరిసిపోయింది. చూసేసరికి ఆవిడకి కొండంత ధైర్యం వచ్చింది. ఆ మాట అందరికన్నా ఎక్కువసార్లు అన్నందుకు 'ప్రాణం' అని పేరుపడ్డ సీనియర్ కార్యకర్త ముందుకొచ్చి చొక్కా గుండీలు విప్పేశాడు.

"కొయ్యండి" అన్నాడు.

డాక్టరుగారు సంతోషించారు. "ప్రాణం అక్కర్లేదండీ. లివర్‌లో ఓ ముక్క చాలు. కొన్నాళ్ళకి మళ్ళీ పెరుగుతుంది. తర్వాత మీరు హాయిగా బతకొచ్చు."

"బతకాలా?" అన్నాడు కార్యకర్త.

"బతకాలండీ."

కార్యకర్త గుండీలు ఒక్కొక్కటే పెట్టుకున్నాడు. "క్షమించండి. మేం ఇస్తే పూర్తిగా ఇస్తాం. ముక్కలుగా ఇచ్చే చరిత్ర మా పార్టీకి లేదు."

చప్పట్లు ఆగడానికి చాలాసేపు పట్టింది. పూర్తి ప్రాణం తప్ప ఇంకేదీ ఇవ్వరాదని ఏకగ్రీవంగా తీర్మానం చేశారు. అయినా యువజన విభాగం పెద్దమనసు చేసుకుని టెస్టులకి వచ్చింది. ముందురోజంతా మందు కొట్టి మరీ వచ్చింది. ఒక్కడూ పాసవలేదు. పార్టీలో ఇంతటి ఐకమత్యం ఈమధ్యకాలంలో చూడలేదని ప్రతినిధి పత్రికలకి చెప్పాడు.

ఆవిడ ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి మరిది టైర్ల దుకాణానికి వెళ్ళింది. మరిది ప్రతిపక్షంలో ఉన్నాడు. టిక్కెట్టు తగాదా దగ్గర్నుంచీ అన్నదమ్ముల మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది.

"మీ అన్నయ్యకి..." అని మొదలుపెట్టింది ఆవిడ.

"పేపర్లో చూశాను వదినా. ఎప్పుడు రమ్మన్నారు?"

"నువ్విస్తావా?"

"ఇస్తే ఏం పోయింది, మళ్ళీ పెరుగుతుందటగా. లివర్ ఇస్తాను గానీ ఓటు మాత్రం వెయ్యను. ఆ మాట అన్నయ్యకి ముందే చెప్పు."

ఆవిడ అక్కడే, టైర్ల మధ్య స్టూలు మీద కూర్చుని బావురుమంది. మరిది గ్రీజు చేతులతో మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

గ్రూపు కలిసింది. టెస్టులన్నీ పాసయ్యాయి. ఆపరేషన్‌కి తేదీ కూడా పెట్టారు. అప్పుడు అధిష్ఠానం నుంచి ఫోనొచ్చింది.

"ప్రతిపక్షం లివర్ మన మంత్రి కడుపులో ఉంటే రేపు సభలో ఏ వైపు లేస్తాడు? వాళ్ళ దయ మీదే మనం బతుకుతున్నామని చాటింపు వెయ్యరూ? ముందు తమ్ముణ్ణి పార్టీలో చేర్చుకోండి."

మంత్రిగారు పసుపుపచ్చటి కళ్ళతో తలూపారు. "నిజమే. క్రమశిక్షణ ముఖ్యం."

"మీ ప్రాణం ముఖ్యం కాదా?" అంది ఆవిడ.

"పార్టీ లేకపోతే నా ప్రాణం ఎవడిక్కావాలే?"

"నాక్కావాలి."

ఆ మాట మినిట్స్‌లో ఎక్కలేదు.

మరిది ససేమిరా అన్నాడు. ఆవిడ చేతులు పట్టుకుని బతిమాలితే, "నీ మొహం చూసి ఒప్పుకుంటున్నాను వదినా" అన్నాడు.

బహిరంగసభ పెట్టారు. మంత్రిగారు కుర్చీలోంచి లేవలేక లేచి తమ్ముడి మెడలో కండువా వేశారు. అక్కడికక్కడే ఒక కార్పొరేషన్ చైర్మన్ పదవి ప్రకటించారు. జనం ఈలలు వేశారు. మరిది కండువా సర్దుకున్నాడు. మళ్ళీ సర్దుకున్నాడు. ఎవరో చేతికి మైకిచ్చారు. పొద్దున్నదాకా పంక్చర్లు చూసుకున్న మనిషి గొంతు సవరించుకున్నాడు.

"మా అన్నయ్య కోసం," అని జనం వైపు చెయ్యెత్తాడు, "నా ప్రాణమైనా ఇస్తాను."

మైదానం దద్దరిల్లిపోయింది. మంత్రిగారు కళ్ళు తుడుచుకున్నారు. వెనకనున్న సీనియర్ కార్యకర్త కొత్త చైర్మన్‌గారిని కౌగిలించుకున్నాడు.

ముందు వరసలో కూర్చున్న ఆవిడ చప్పట్లు కొట్టలేదు. ఫోన్ తీసి ఆస్పత్రిలో దాతల సంగతి చూసే అమ్మాయికి కలిపింది.

"అమ్మా, ఇంకెవరైనా దొరుకుతారేమో చూస్తావా?"

"అదేంటండీ, మీ మరిదిగారు లివర్ ఇస్తున్నారుగా?"

"లేదమ్మా," అంది ఆవిడ, "ప్రాణం ఇస్తాడట."