మంత్రిగారింటి జల్లెడ

"నేటి నుంచి మా ఇంట్లోకి అనవసరమైన ఈమెయిల్ ఒక్కటి కూడా అడుగుపెట్టదు. సంస్కరణ అనేది ఇంటి నుంచే మొదలవ్వాలి" అని మంచినీటి శాఖ మంత్రిగారు తమ హాల్లోనే విలేకరుల సమావేశం పెట్టి ప్రకటించారు. నేను వారి ఎదురింట్లో ఉంటాను. కంప్యూటర్లు బాగుచేస్తాను. చెత్త మెయిల్‌ను జల్లెడ పట్టే ఆ సాఫ్ట్‌వేర్ ఎక్కించింది నేనే కాబట్టి పేపర్లో పడ్డ ఫోటోలో నా మోచెయ్యి కూడా ఉంది.

పాపం, మంత్రిగారి అవస్థ నిజమైనదే. పొద్దున్నే కంప్యూటర్ తెరిస్తే బట్టతల మీద జుట్టు మొలిపించే నూనెలు, కొనని లాటరీలో తగిలిన కోట్లు కుప్పలుగా వచ్చిపడేవి.

"ప్రస్తుతానికి దీనికి నోట్లో వేలు పెడితే కొరకడం కూడా రాదండి" అని చెప్పాను. "మీకు అక్కర్లేని మెయిల్ మీద 'వద్దు' అని నొక్కుతూ ఉండండి. మిమ్మల్ని చూసి నేర్చుకుంటుంది."

మంత్రిగారు దానికి చదువు చెప్పడానికి కూర్చున్నారు. నూనె వద్దు. లాటరీ వద్దు. ఆ తర్వాత వచ్చింది, కుళాయిలో నీళ్లు కంపు కొడుతున్నాయని ఎవరో పెద్దావిడ రాసిన మెయిల్. దాని మీదా నొక్కారు.

"అది ఫిర్యాదండి" అన్నాను.

"రాయమని నేను అడిగానా?"

"లేదండి."

"అడక్కుండా వచ్చే మెయిల్‌ని మీ వాళ్లు ఏమంటారు?"

"స్పామ్ అంటారండి."

"మరి?"

శాస్త్రం ఆయన పక్షానే ఉంది.

కొద్ది వారాల్లోనే ఆ సాఫ్ట్‌వేర్ ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే స్థాయికి ఎదిగింది. 'కుళాయి', 'నీళ్లు', 'మురుగు' అన్న మాటలు కనిపిస్తే చాలు, చెత్తబుట్టలో వేసేది. తర్వాత 'అయ్యా', 'దయచేసి' అన్నవాటిని కూడా పసిగట్టింది. మంత్రిగారు సభలో లేచి, తమ శాఖ మీద ఫిర్యాదులు పూర్తిగా ఆగిపోయాయని ప్రకటించారు. జనం గగ్గోలు పెడుతున్నారని ప్రతిపక్షం వారు అరిస్తే, "నాకు ఒక్క మెయిల్ చూపించండి" అన్నారు. వారు కూర్చున్నారు.

ముఖ్యమంత్రిగారు ముచ్చటపడి, శాఖలోని ఇంజనీర్లందరికీ ఆ సాఫ్ట్‌వేరే ఇమ్మన్నారు. నేను కొత్తది ఎక్కించబోతే మంత్రిగారు ఆపారు.

"మా ఇంట్లో చదువుకున్నది ఉండగా మళ్లీ ఓనమాల నుంచి దేనికయ్యా? దాన్నే అందరికీ ఎక్కించు."

నేర్చిన విద్యతో సహా దాన్నే అందరికీ ఎక్కించాను.

ఒకనాటి ఉదయం మంత్రిగారి భార్య గేటు దగ్గర నన్ను ఆపారు. ఆవిణ్ణి నేను అక్కయ్యగారు అంటాను. చేతిలో గాజు గ్లాసు ఉంది. అందులో నీళ్లు టీ రంగులో ఉన్నాయి.

"తమ్ముడూ, ఆయనకి నోటితో చెబితే 'మెయిల్ పెట్టు, చూస్తాను' అంటారు. పెట్టాను. చూశారో లేదో నువ్వైనా అడుగు."

లోపలికి వెళ్లి అడిగాను.

"మీ అక్కయ్యగారి నుంచి ఏ ఫిర్యాదూ లేదు" అన్నారు మంత్రిగారు సంతృప్తిగా. "ఇన్నేళ్ల కాపురంలో ఇంత ప్రశాంతత నేనెరగను."

ఆ వారమే అక్కయ్యగారికి వాంతులు పట్టుకున్నాయి. ఆసుపత్రిలో చేర్చారు. "నీళ్లేనండి కారణం. ఈ వార్డు వార్డంతా అదే" అన్నారు డాక్టరుగారు. మంత్రిగారు చుట్టూ చూశారు. ప్రతి మంచం పక్కనా ఒక సెలైన్ సీసా వేలాడుతోంది. వెళ్లి భార్య మంచం పక్కన కూలబడ్డారు.

"మెయిల్‌లో ఏం రాశావు?"

"ఏమండీ, మీరు ఆ నీళ్లు తాగకండి అని" అన్నారామె నీరసంగా.

మంత్రిగారి కళ్లు తడిశాయి. ఇందులో వెటకారం లేదు, నేను పక్కనే ఉన్నాను. నా ల్యాప్‌టాప్ లాక్కుని, పి.ఎ. సాయం లేకుండా, ఇంజనీర్లందరికీ స్వయంగా టైపు చేశారు: 'అయ్యా, కుళాయిల్లో మురుగు కలుస్తోంది. వెంటనే సరఫరా ఆపి ట్యాంకులు కడిగించండి. జనం ప్రాణాల మీదికి వచ్చింది. దయచేసి ఆలస్యం చెయ్యకండి.'

మర్నాడు 'మంత్రిగారి మెరుపు స్పందన' అని పేపర్లు రాశాయి. అక్కయ్యగారు కోలుకుని ఇంటికొచ్చారు. ఆమె ఖాళీ చేసిన మంచం మీదికి వెంటనే ఇంకొకరు వచ్చారు.

తర్వాత కొన్నాళ్లకు ప్రింటరు మొరాయిస్తోందని చీఫ్ ఇంజనీరుగారు పిలిపిస్తే వెళ్లాను. గది చల్లగా ఉంది. బల్ల మీద సీలు తియ్యని నీళ్ల సీసా ఉంది.

"ట్యాంకులు కడగడం అయిపోయిందాండి?" అని అడిగాను.

"ఏ ట్యాంకులు?" అన్నారాయన. "పైనుంచి ఆర్డరేదీ రాలేదే." తర్వాత ముందుకు వంగి, గొంతు తగ్గించారు. "మీరు మంత్రిగారి ఎదురిల్లేగా. ఆయనకో మాట చెప్పండి. సాఫ్ట్‌వేర్ బ్రహ్మాండంగా పనిచేస్తోందని."