గుట్టయ్య తల ఊపిన మండలి

ఒక పెద్ద అడవిలో నక్కలన్నీ వకీళ్లే. ఇంకో పని చేతకాక అయ్యాయో, ఆ పనిలో ఉన్న సుఖం తెలిసి అయ్యాయో మనకెందుకు. నీళ్ల రేవు దగ్గర తగువొచ్చినా, మేత దగ్గర మాటామాటా పెరిగినా అటో నక్క, ఇటో నక్క నిలబడేవి. తగువు తెగేది కాదు. నక్కలు మాత్రం నున్నగా బలిశాయి.

వాటి మీద ఫిర్యాదులు చిలవలు పలవలుగా పెరిగి చివరికి సింహం గారి మధ్యాహ్నపు కునుకు చెడగొట్టాయి. సింహం గారికి ఎవరి ఇల్లు పోయినా పరవాలేదు గానీ కునుకు పోతే ఊరుకోరు.

"నక్కల మీద ఓ మండలి వేస్తున్నాను. అందులో నక్కలుండవు. చట్టం ముక్క తెలియని బయటివాళ్లు కూచుని, మీరు చేసే నిర్వాకం మీద ఓ కన్నేసి ఉంచుతారు" అన్నారు.

నక్కల సంఘం పెద్ద ఊళప్ప ఈ మాటకి కుంగిపోయాడనుకున్నారా? అబ్బే! లోపల్లోపల గంతులేశాడు.

"చట్టం తెలియనివాళ్లా! ఎంత గొప్ప ఆలోచన ప్రభూ! అలాంటివాళ్ల కోసం వెతికే శ్రమ మీకెందుకు? నేను లేనూ?" అన్నాడు.

సింహం గారు ఆవలించారు. ఆవలిస్తే సరేనన్నట్టని ఆ అడవిలో అందరికీ తెలుసు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టయింది.

ఊళప్ప ముందుగా నెమలి ఈకల్రాయుణ్ణి పట్టుకొచ్చి అధ్యక్షుణ్ణి చేశాడు. నలుగురికీ కనబడేలా ఎత్తుగా ఓ రాయి వేస్తే చాలు, ఈకల్రాయుడికి ఇంకేం అక్కర్లేదు. తర్వాత ఒంటినిండా పొలుసులున్న అలుగు, పొలుసమ్మ. ఆవిడ ఉత్తమురాలు, ఒట్టు. కాకపోతే ఎవరైనా కాస్త గట్టిగా ప్రశ్న వేస్తే ఉండలా చుట్టుకుపోతుంది. మళ్లీ ఎప్పుడు విచ్చుకుంటుందో ఆవిడకే తెలియదు.

మూడోవాడు మన గుట్టయ్య. అడవిదున్న. చెట్టు కింద నిలబడి మేస్తుంటే ఊళప్ప వచ్చాడు.

"గుట్టయ్య గారూ, తమకి చట్టం తెలుసా?"

గుట్టయ్య తల ఊపాడు.

"తెలుసా!" ఊళప్ప గుండె గుభేలుమంది. "ఎక్కడ నేర్చుకున్నారండీ?"

"ఈగలు" అన్నాడు గుట్టయ్య.

"అమ్మయ్య! అయితే తెలియదన్నమాట."

గుట్టయ్య మళ్లీ తల ఊపాడు. ఊళప్పకి గుట్టయ్య తెగ నచ్చేశాడు. ఇలాంటి తల వెతికినా దొరకదు అనుకున్నాడు.

సమావేశాలు కొండ గుహలో పెట్టారు. అందరూ లోపల కూచున్నారు గానీ గుట్టయ్య పట్టలేదు. అటు తోశారు, ఇటు తోశారు, చివరికి గుమ్మంలోనే కూలబెట్టారు. నక్కలుండకూడని మండలిలో ఊళప్ప కార్యదర్శిగా కూచున్నాడు. అదేమిటయ్యా అంటే, "మండలిలో ఉండకూడదన్నారు గానీ మండలి పక్కన ఉండకూడదన్లేదు కదండీ" అన్నాడు. నిజమే, అన్లేదు.

"మీరు బయటి సభ్యులు. మీ పని చూడడం. చెయ్యడం కాదు. చెయ్యడానికి మేమున్నాం" అని మొదట్లోనే విడమరిచి చెప్పాడు. "ఇంకో నియమం. ఇవాళ ఏం తీర్మానించినా అది ఇవాళే చెల్లదు. వచ్చే పున్నమి సమావేశంలో సభ్యులంతా మళ్లీ తల ఊపితేనే చెల్లుతుంది."

"అదెందుకూ?" అంది పొలుసమ్మ.

"ఒక్కరోజులో తేలిపోతే దాన్ని న్యాయమని ఎవరంటారమ్మా?" అని ఊళప్ప కాస్త గట్టిగా అనేసరికి పొలుసమ్మ చుట్టుకుపోయింది.

అసలు సంగతి వేరే. వాయిదా లేకపోతే నక్కలకి ముద్ద దిగదు. పైగా ఎప్పుడైనా పొరపాటున తీర్మానం ఎదురుతిరిగితే, పున్నమి లోపల సభ్యుల ఇళ్లకెళ్లి మంచీ చెడ్డా మాట్లాడుకోవచ్చు.

మొదటి సమావేశం అయ్యాక గుట్టయ్య ఛాతీ విరుచుకుని ఇంటికొచ్చాడు.

"ఏం తేల్చారు?" అంది పెళ్లాం నల్లమ్మ.

"ఏమో."

"మరి ఏం చేశారు అంతసేపూ?"

"తల ఊపాను."

"అది ఇంట్లోనూ చేస్తారుగా! దానికి కొండ దాకా పోవాలా?" అంది నల్లమ్మ.

గుట్టయ్యకి చిన్నతనమేసింది. ఆ అడవిలో అతనికో గౌరవమంటూ దక్కడం అదే మొదటిసారి. 'దున్న ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టు' అనే సామెత అతని ఎదుట ఎవరూ అనేవారు కాదు గానీ, అతను అటు తిరగ్గానే అనేవారు. అది అతనికీ తెలుసు.

ఇలా ఉండగా కుందేలు పొదలమ్మ ఫిర్యాదు పట్టుకొచ్చింది. పాపం దాని కలుగు మీద ముంగిస ఒకటి పేచీ పెడితే, కూనప్ప అనే నక్కని వకీలుగా పెట్టుకుంది. ఈ కూనప్ప ఊళప్పకి స్వయానా బావమరిది. వాయిదాల మీద వాయిదాలు తిరిగి ముంగిస విసుగెత్తి ఇంకో అడవికి పోయింది. ముంగిస పోయినా తగువు పోలేదు. ఒకనాడు పొదలమ్మ మేతకెళ్లి వచ్చేసరికి కలుగులో కూనప్ప కాపురం పెట్టేశాడు!

"బాబులూ, నావి పాలు మరవని పిల్లలు. పొద కింద పెట్టుకుని కూచున్నాను. వానలొస్తే కొట్టుకుపోతారు. నా కలుగు నాకిప్పించండి" అని పొదలమ్మ ఏడిచింది.

కూనప్ప గొంతు సవరించుకున్నాడు.

"అయ్యలారా! కక్షిదారు ఆస్తిని భద్రపరచడం వకీలు ధర్మమా, కాదా? ధర్మమే. కలుగుని బయట నిలబడి భద్రపరచగలమా? లేము. లోపల ఉండాలి. ఒక్కణ్ణే సరిపోతానా? కలుగుకి రెండు దార్లాయె. అందుకని పెళ్లాం పిల్లలతో ఉంటున్నాను. మా ఆవిడకి చెమ్మ పడదండీ! అయినా ఈ పొదలమ్మ కోసం తుమ్ముకుంటూ కాపురం చేస్తోంది. దానికి ఫలితం ఇదా?" అని కళ్లొత్తుకున్నాడు.

ఊళప్ప తీర్మానం చదివాడు. "కలుగు లోపల ఉన్నవారే దాని భద్రతకి బాధ్యులు. తగువు తేలేదాకా వారిని బయటివారెవ్వరూ కదిలించరాదు. కదిలిస్తే సింహం గారిని కదిలించినట్టే. అర్థమైందా?"

"బ్రహ్మాండంగా అర్థమైంది!" అన్నాడు ఈకల్రాయుడు. అతను వినలేదు, పురి విప్పుకునే పనిలో ఉన్నాడు. పొలుసమ్మ ఎప్పుడో ఉండయింది. గుట్టయ్య తల ఊపాడు.

బయటికెళుతూ పొదలమ్మ గుమ్మంలో ఆగింది. "పెద్దయ్యా, వాళ్ల సంగతి సరే. నీకైనా అర్థమయ్యే ఊపావా?" అంది. సిగ్గుతో గుట్టయ్య చెవులు రెండూ వాలిపోయాయి.

ఇక్కడ దున్నల సంగతి ఒకటి చెప్పాలి. అవి మేసేటప్పుడు గబగబా మింగేస్తాయి. తర్వాత తీరిగ్గా నీడన చేరి, మింగిందంతా మళ్లీ నోట్లోకి తెచ్చుకుని నెమరేస్తాయి. గుట్టయ్యకి గడ్డే కాదు, మాటలూ అంతే. విన్నప్పుడు మింగుతాడు. నమలడం తర్వాత.

మర్నాడు మధ్యాహ్నం గడ్డితో పాటు కూనప్ప మాటలు పైకొచ్చాయి. గుట్టయ్య నమిలాడు. లోపల ఉండాలి, సరే. భద్రపరచాలి, అదీ సరే. ఎవరి నుంచి భద్రం? ముంగిస లేదుగా. అక్కడ దవడ ఆగిపోయింది.

"ఏమైందండీ? ముల్లు గుచ్చుకుందా?" అంది నల్లమ్మ.

"కూనప్ప గుచ్చుకున్నాడు. దిగట్లేదు" అన్నాడు.

లేచి ఊళప్ప దగ్గరికి నడిచాడు. "నేను పొరపాటున ఊపాను. వెనక్కి తీసుకుంటాను" అన్నాడు.

ఊళప్ప ఫక్కున నవ్వాడు. "ఊపిన తల వెనక్కెలా తీసుకుంటారండీ? మెడ పట్టేస్తుంది! పున్నమికి ఎలాగూ మళ్లీ ఊపాలిగా. అప్పటిదాకా సుబ్బరంగా మేసి పడుకోండి."

పడుకోమంటే ఎలా? రోజూ నెమరేశాడు. పొదలమ్మ పిల్లలున్న పొద మీదుగానే మేతకి వెళ్లాలి, వాటిని చూసినప్పుడల్లా తలెత్తి పైకి చూసేవాడు. ఆకాశంలో మబ్బులు కమ్ముకుంటున్నాయి.

పున్నమి రోజు పొద్దున్నే గుహ కిటకిటలాడింది. ఆ పూటతో కలుగు దక్కినట్టేనని కూనప్ప పెళ్లాన్నీ పిల్లల్నీ అత్తగార్నీ కూడా పండక్కి తీసుకొచ్చినట్టు తీసుకొచ్చాడు. అందరూ లోపలికెళ్లాక గుట్టయ్య గుమ్మంలో కూలబడ్డాడు. అతని వెనకాల, గుహ బయట, పొదలమ్మ నిలబడి ఉంది. ఆశ చావక వచ్చింది.

"పోయిన సమావేశం తీర్మానాన్ని ఆమోదించినట్టే కదా?" అన్నాడు ఈకల్రాయుడు అలవాటు కొద్దీ, గుట్టయ్య వైపు చూడకుండానే.

"నాకో సందేహం" అన్నాడు గుట్టయ్య.

పొలుసమ్మ ఎందుకైనా మంచిదని సగం చుట్టుకుంది.

"కలుగు లోపల ఉన్నవాళ్లే బాధ్యులు. అంతేనా?"

"అంతే" అన్నాడు కూనప్ప.

"వాళ్లని ఎవరూ కదిలించకూడదు."

"ససేమిరా! కదిలిస్తే సింహం గారిని కదిలించినట్టే!"

"మరి మీరిక్కడున్నారు. మీ ఆవిడ ఇక్కడుంది. పిల్లలు, అత్తగారూ ఇక్కడే ఉన్నారు. ఇప్పుడు లోపల ఉన్నదెవరు?"

గుట్టయ్య ఎత్తు వెయ్యలేదండోయ్. అతనికి అంత లేదు. నెల్లాళ్లు నమిలితే మిగిలిన పిప్పి అది, అడిగేశాడు. కానీ అతని వెనకాల సర్రుమని ఏదో దూసుకుపోయింది. పొదలమ్మ! పిల్లల్ని నోట కరుచుకోడానికి పొద వైపు పరిగెత్తింది.

కూనప్పకి అప్పుడు వెలిగింది. "జరగండి! జరగండి గుట్టయ్య గారూ!" అని గుమ్మం వైపు ఉరికాడు.

"జరుగుతాను, ఉండండి" అన్నాడు గుట్టయ్య. దున్న లేవడమంటే మాటలా? మొదట వెనక కాళ్లు లేవాలి. లేచాయి. తర్వాత ముందు కాళ్లు. అవి లేవబోతుండగా నెమరు వచ్చింది. మళ్లీ కూచున్నాడు.

"ఆ తీర్మానం చెల్లదు! రద్దు చెయ్యండి! కనీసం వాయిదా వెయ్యండి!" అని ఊళప్ప రాయెక్కి అరిచాడు.

"మీరు రాసిందేగా, బాగానే ఉంది" అన్నాడు గుట్టయ్య. మెడ తిప్పి, దూరాన పొదలమ్మ ఆఖరి పిల్లతో కలుగులో దూరడం చూశాడు. చూసి, నిదానంగా, కిందికీ పైకీ, నిండుగా తల ఊపాడు.

అతను ఊపాడు కదా అని ఈకల్రాయుడు ఊపాడు. అరుపులు తన మీద కాదని తెలిసి పొలుసమ్మ విచ్చుకుని ఊపింది.

"గుట్టయ్య గారూ, నిజం చెప్పండి! అది ఈగలకి ఊపారా, తీర్మానానికి ఊపారా?" అన్నాడు ఊళప్ప.

"ఇవాళ ఈగల్లేవు" అన్నాడు గుట్టయ్య.

సాయంత్రానికి నక్కలన్నీ కలుగు మీదికి దండెత్తి వచ్చాయి. వచ్చి చూస్తే ఏముంది? ఒక ద్వారానికి అడ్డంగా గుట్టయ్య, రెండో ద్వారానికి అడ్డంగా నల్లమ్మ.

"మీ పని చూడడమే గానీ చెయ్యడం కాదు!" అన్నాడు ఊళప్ప.

"చూస్తున్నాను" అన్నాడు గుట్టయ్య, కొమ్ములు కాస్త వంచి.

నక్కలు అరిచాయి, ఊళపెట్టాయి, చట్టం చదివాయి. దున్నపోతు మీద వాన కురిసినట్టే. నిజంగానే వాన కూడా మొదలైంది. లోపల పొదలమ్మ పిల్లలు వెచ్చగా నిద్రపోయాయి. బయట చెమ్మ పడని కూనప్ప పెళ్లాం తుమ్ముతూనే ఉంది.

ఊళప్ప సింహం గారి కాళ్ల మీద పడి నియమం మార్పించుకున్నాడు. ఇకమీదట ఏ తీర్మానమైనా చేసిన పూటే చెల్లుతుంది, సభ్యులు ఇంటికెళ్లి ఆలోచించడానికి వీల్లేదు. ఇంకేముంది, వాయిదాలు మాయమై నక్కలకి రాబడి సగానికి పడిపోయింది. ఆ ఏడాది నుంచి ఊళప్ప నక్కపిల్లలకి చెప్పే మొదటి పాఠం ఇదే:

"అన్యాయం చెయ్యదలుచుకుంటే ఆ పూటే చేసెయ్యండి నాయనా, నాలుగు రోజులు నానబెడితే అది కూడా న్యాయమైపోతుంది!"